పరిచారికకు వలయు గుణములు

కొంతకాలము క్రిందట మా బంధువుల యింట ఒకరికి డెంగీ జ్వరము వచ్చెను. వైద్యుడు పరీక్షించి, ఇంటనే యుంచి చూచుకొనవచ్చునని చెప్పి, చేయవలసిన జాగ్రత్తలను వ్రాసి యిచ్చెను. ఆ యింటి యిల్లాలు నాలుగు దినములు కంటికి కునుకులేక మంచముకడనే కూర్చుండెను. ఆమె ప్రేమకు లోపము లేదు; ఓర్పునకు లోపము లేదు. అయినను గాలి సోకిన జ్వరము హెచ్చునను భయముచేత కిటికీలన్నియు మూయించెను. పలుకరింపవచ్చిన బంధువులు గదినిండ కూర్చుండి, ఎవరెవరు ఏయే జ్వరమున పోయిరో రోగి వినుచుండగనే చెప్పుకొనుచుండిరి. అయిదవనాడు వైద్యుడు వచ్చి, నిన్నటినుండి రోగి ఎన్ని గ్లాసుల నీరు త్రాగెననియు, ఎన్నిమాఱులు మూత్రము పోసెననియు, జ్వరము ఏ వేళకు దిగెననియు మూడు ప్రశ్నలు వేసెను. ఆ జ్వరము దిగిన వెనుకటి రెండు దినములే మిక్కిలి జాగరూకతతో గడపవలసినవి గావున ఆ ప్రశ్నలు ముఖ్యమైనవి. ఒక్కదానికిని సమాధానము చెప్పగలవారు ఆ గదిలో లేకపోయిరి. "ఏదో త్రాగుచునే యున్నారండీ" అని మాత్రము ఆ యిల్లాలు కన్నీళ్లతో పలికెను.

ఆ సాయంకాలము నర్సువిద్య ముగించి యొక ఆసుపత్రిలో పనిచేయుచున్న పొరుగింటి యమ్మాయి వచ్చినది. ఆమె వచ్చుచునే చేతులు సబ్బుతో కడుగుకొని, కిటికీలు తెఱపించి, చుట్టములను మర్యాదగా వసారాలోనికి పంపి, ఒక కాగితముపై గీతలు గీసి, త్రాగినది, పోసినది, జ్వరము, నాడి వేళతోసహా వ్రాయ మొదలిడినది. రోగి కోలుకొనెను. ఆ యింటివారందఱును ఆ పిల్లను నోరార మెచ్చుకొనిరి. రెండు నెలలు గడచిన పిమ్మట ఆమెను తమ చిన్నవానికి చేసికొనరాదా యని యెవరో సూచింపగా, "నర్సుపిల్ల మన కెందుకు? రాత్రిళ్లు ఆసుపత్రిలో పని, ఎవరెవరినో ముట్టుకొను ఉద్యోగము" అను మాట ఆ యింటనే పుట్టెను. మే మచ్చటనే యుంటిమి.

ఈ రెండు తప్పులకును మూలమొక్కటే యని మాకు తోచుచున్నది. రోగికి చేయు సేవ ప్రేమయొక్క పనియే గాని విద్య కాదని మనము తలంచుచున్నాము. ఆడుదై పుట్టినచో పరిచర్య తనంతట తానే వచ్చునని యొకవైపునను, కూలికి చేసినచో అది హీనమని మఱియొకవైపునను అనుచున్నాము. ఇది మన పూర్వుల మతము కాదు; లోకచరిత్రము చెప్పు పాఠమును కాదు. ఆ రెంటిని చదువరుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చరకసంహితలో సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు. పరిచారకునకు చెప్పిన నాలుగును ఇవి: ఉపచారము చేయు విధ మెఱిగియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. చదువరులు ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మనము పరిచర్యయంతయు ననుకొను అనురాగము ఇచ్చట నాలుగింట నొక్కటి మాత్రమే. జ్ఞానము మొదట చెప్పబడినది. రెండవది, ఆ నాలుగు గుణములలో కులము లేదు, పుట్టుక లేదు, స్త్రీపురుష భేదము లేదు. సుశ్రుతుడును పరిచారకుడు రోగిని అసహ్యించుకొననివాడు, బలముగలవాడు, వైద్యుని మాట తప్పనివాడు, అలసట యెఱుగనివాడు కావలెనని చెప్పెను. చరకుడు మఱియొక అధ్యాయమున ఆతురశాలను వర్ణించుచు, పప్పును అన్నమును వండ నేర్చినవారు, స్నానము చేయింప నేర్చినవారు, రోగిని లేపుటయు పరుండబెట్టుటయు తెలిసినవారు, మందులు నూరువారు, పాటలు పాడి కథలు చెప్పి మనసునకు ఉల్లాసము కలిగించువారు ఉండవలెనని యొక్కొక్కరినే పేర్కొనెను. రోగిని లేవనెత్తుట కూడ నేర్చుకొనవలసిన పనియేయని ఆ కాలమువా రెఱుగుదురు.

ఇట్టి విద్య మనలో ఎట్లు హీనపడెను? మలమూత్రములను, చీమును, నెత్తురును ముట్టువారిని అశుచులని దూరముగ నుంచు ఆచారము బలపడినకొలది, పరిచర్య తక్కువవారి పనియైనది. ప్రసవవేళ తల్లిని బిడ్డను కాపాడిన మంత్రసానిని సైతము పని తీఱినవెంటనే వాకిట నిలువబెట్టిన దేశము మనది. శౌచము గుణముగ చెప్పిన గ్రంథము గల జాతి, శుచిగా నుంచువారినే అశుచులన్నది. ఇంతకంటె విపరీత మేమి కలదు?

ఈ హీనస్థితి మన దేశమున మాత్రమే యుండెననుకొనరాదు. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లండులో ఆసుపత్రి నర్సనిన త్రాగుబోతు, చదువులేనిది, నీతిలేనిది యను అర్థమే వాడుకలో నుండెను. అట్టి కాలమున సంపన్నుల యింట పుట్టిన యొక కన్య నర్సు నయ్యెద ననగా తల్లియు అక్కయు ఎంత గగ్గోలు పెట్టియుందురో మన గృహిణులు సులభముగా ఊహింపగలరు. ఆ కన్య ఫ్లారెన్సు నైటింగేలు. ఈమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి కుమార్తెలకు తానే గ్రీకు, లాటిను భాషలు చెప్పెను. ఆమెకు గణితమన్న ప్రీతి. పెండ్లి మాటలను కాదని, ఇంటివారి నిష్ఠూరముల నోర్చి, చాటుగా ఆసుపత్రుల నివేదికలు చదువుకొనుచు ఆమె పెక్కేండ్లు గడపెను. తుదకు 1851లో జర్మనీదేశమందలి కైజర్సువెర్తు అను ఊర మూడు నెలలు శిక్షణ పొందెను. 1853లో లండనులోని యొక చిన్న చికిత్సాలయమునకు అధ్యక్షురాలయ్యెను. అప్పటి కామె వయస్సు 33 ఏండ్లు.

1854లో ఇంగ్లండును ఫ్రాన్సును తురుష్కులతో చేరి రష్యాపై క్రిమియా యుద్ధము సాగించిరి. గాయపడిన సిపాయీలు ఓడలలో నల్లసముద్రము దాటి కాన్‌స్టాంటినోపిలు నగరమున కెదురుగానున్న స్కుటారికి తేబడుచుండిరి. అచ్చట వారు పడు దురవస్థను టైమ్సు పత్రికా విలేఖకులు ప్రకటింపగా దేశమంతయు అట్టుడికినట్లు ఉడికెను. మంత్రియైన సిడ్నీ హెర్బర్టు కోరికపై నైటింగేలు 38 మంది స్త్రీలతో బయలుదేఱి, నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను.

మొదటి పరీక్ష అచ్చటి వైద్యులే పెట్టిరి. స్త్రీలు తమ ఆసుపత్రిలో అడుగిడుట వారికి గిట్టలేదు. ఎదుట సిపాయీలు మూలుగుచుండిరి. వెంటవచ్చిన స్త్రీలలో కొందఱు పరుగెత్తి సేవచేయ తహతహలాడిరి. వైద్యులు పిలుచువఱకు ఒక్కరును రోగి కడకు పోరాదని నైటింగేలు కట్టడిచేసి, వారిచేత గుడ్డలు కుట్టించుచు కూర్చుండెను. ఇది కఠినముగా తోచవచ్చును. కాని వైద్యుని నమ్మకము లేని పరిచారిక రోగికి మేలు చేయజాలదని ఆమె యెఱుగును. కొలది దినములలోనే ఇంకర్మాను యుద్ధమున గాయపడినవారు వందలకొలది వచ్చి పడగా, వైద్యులే వచ్చి సాయ మడిగిరి. నిగ్రహమును దక్షతలోని భాగమేయని ఈ కథ తెలుపుచున్నది.

ఆపై ఆమె చేసిన పనులలో చిత్రకారులు గీయదగినవి కొద్ది. నేల తోముటకు బ్రష్షులు తెప్పించెను. ఒక యిల్లు అద్దెకు తీసికొని, కాగులు పెట్టించి, సిపాయీల భార్యలకు కూలి యిచ్చి బట్టలు ఉతికించెను. జబ్బుపడినవారికి తగిన పథ్యము వండుటకు వేఱు వంటశాలలు పెట్టించెను. చొక్కాలు, చెంచాలు, తువాళ్లు సైతము సర్కారు కొట్లనుండి రాకపోగా చందాల సొమ్ముతో కొని లెక్కవ్రాసెను. చనిపోయిన సిపాయీల తల్లులకు, భార్యలకు తానే ఉత్తరములు వ్రాసెను. రాత్రివేళ దీపము చేతబూని, మైళ్లకొలది సాగిన ఆ మంచముల వరుసలవెంట నడచెను. ఆ దీపమే లోకము కన్నులకు కనబడెను. నేటికిని ఆమెను దీపధారిణి యనియే పిలుచుచున్నారు.

కాని చరిత్రమున మిక్కిలి ముఖ్యమైన సంగతి ఆ దీపపు వెలుగున కనబడునది కాదు. ఇంత సేవ జరుగుచుండగనే స్కుటారిలో మరణములు తగ్గకపోగా హెచ్చెను. 1855 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చేరినవారిలో వందకు 42 మంది చొప్పున చనిపోవుచుండిరి. చనిపోయినవారిలో పెక్కుమంది గాయములచేత కాక, అతిసారము, కలరా, సన్నిపాతజ్వరములచేత పోయిరి. ఆ మార్చిలో ఇంగ్లండునుండి వైద్యుడు సదర్లండు, ఇంజనీరు రాలిన్సను మొదలగువారితో కూడిన పారిశుద్ధ్య సంఘము వచ్చినది. ఆ గొప్ప భవనము క్రింద మురుగుకాలువలు పూడి కుళ్లుచున్నట్లు వారు కనుగొనిరి. కాలువలు కడిగించి, బండ్లకొలది చెత్త యెత్తించి, చచ్చిన జంతువులను పాతిపెట్టించి, నీటిని శుభ్రపఱపించి, గాలి యాడుటకు మార్గములు చేయించి, గోడలకు సున్నము కొట్టించిరి. జూను నాటికి మరణములు వందకు రెంటికి దిగినవి.

యుద్ధము ముగిసి 1856లో ఆమె స్వదేశము చేరినప్పుడు జనులామెను దేవతవలె కొనియాడిరి. ఆ స్తోత్రములు విని సుఖముగా నుండవచ్చును. ఆమె అట్లుండలేదు. క్రిమియాలో సోకిన జ్వరముచేత శరీరము చెడి, అనేక సంవత్సరములు మంచము పట్టియుండియు, విలియం ఫార్ అను గణాంకవేత్తతో కలిసి ఆ మరణముల లెక్కలన్నియు తీసి పరిశీలించెను. సిపాయీలు ఆహారము చాలక, మితిమీఱిన శ్రమచేత, చివరిక్షణమున ఆసుపత్రికి తేబడుటచేత చనిపోయిరని ఆమె మొదట నమ్మియుండెను. లెక్కలు వేఱొకటి చెప్పెను. పారిశుద్ధ్యము లేని ఆసుపత్రియే వారిలో వేలకొలది మందిని చంపినది. తాను రాత్రింబవళ్లు సేవచేసిన ఆసుపత్రి, తాను తిరిగిన ఆ వరుసలు! ఈ సత్యమును ఆమె దాచలేదు. చదువురాని మంత్రికి సైతము అర్థమగునట్లు రంగుల చక్రములుగా గీయించి, ఏ నెలలో ఎందఱు ఏ కారణమున చనిపోయిరో చూపెను. ఇంగ్లండులోని గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఈమెయే.

మే మీ కథలో పరిచర్యాగుణములన్నిటికిని పునాదియైన యొక గుణమును చూచుచున్నాము. అది సత్యము. అనురాగ మున్నను శౌచము లేకపోయిన రోగి బ్రదుకడని స్కుటారి నేర్పినది. ఆ పాఠమును నేర్చుకొనుటకు, మన చేతులనుండియే కీడు జరిగినదని ఒప్పుకొను ధైర్యము కావలసియుండెను. ఒక మాత్రకు బదులు మఱియొక మాత్ర యిచ్చిన పరిచారిక భయముచేత దాచిన రోగి చచ్చును. వెంటనే చెప్పిన బ్రదుకును. జ్వరము చూడకయే చూచితినని కాగితముపై అంకె వేసినది ఎంత మృదువుగా మాటలాడిన నేమి?

1860లో లండను సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల తెఱవబడెను. అచ్చటి శిష్యురాండ్రను గూర్చి నెలనెలకు ఒక పట్టిక వ్రాయుచుండిరి. కట్లు కట్టుట, పథ్యము వండుట, గదిలో గాలి యాడునట్లు చూచుట, రోగిని గమనించుట యొకవైపునను. వేళ తప్పకుండుట, నిశ్శబ్దము, నమ్మదగియుండుట, శరీరశుభ్రత, క్రమము మఱియొకవైపునను ఉండెను. మొదటివైపు విద్య, రెండవవైపు శీలము. చరకుని నాలుగు గుణములును ఈ పట్టికలో పేర్లు మాఱి యున్నవి.

1859లో ఆమె ప్రకటించిన పరిచర్యా గ్రంథము గృహిణుల కొఱకే వ్రాయబడినది. అందలి కొన్ని సంగతులు మన యిండ్లకు మిక్కిలి తగియున్నవి. రోగికి చలి సోకకుండ చూచుచునే, గదిలోని గాలిని బయటిగాలివలె స్వచ్ఛముగ నుంచుట పరిచారికకు మొదటి ధర్మమట. గుమ్మముకడ నిలిచి గుసగుసలాడుట గట్టిగా మాటలాడుటకంటె రోగిని హెచ్చు బాధించునట. "నీకేమియు కాదులే" యని వచ్చినవారెల్ల చెప్పు వట్టి ధైర్యములు రోగిని అలయించునట. "రాత్రి బాగుగ నిద్రపోయెనా" యని అడుగుట వ్యర్థము. ఎన్ని గంటలు, ఏ వేళనుండి ఏ వేళవఱకు నిద్రపోయెనని అడుగవలెనట. తా నున్నప్పుడు చేయు పని తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటుచేయుటే నిజమైన దక్షతయట. సూక్ష్మజీవుల సంగతి లోకమున స్థిరపడకముందే ఆమె చేతులను మాటిమాటికి కడుగుకొనుమని వ్రాసెను. మా బంధువుల యింటి గది ఈ పుస్తకమును చదివినవారి గది కాదు.

క్రిమియా కథలో మఱియొక స్త్రీని స్మరింపక విడుచుట న్యాయము కాదు. మేరీ సీకోలు జమైకా ద్వీపమున 1805లో పుట్టిన మిశ్రజాతి స్త్రీ. తల్లికడ నాటువైద్యము నేర్చి, పనామాలో కలరా ప్రబలినప్పుడు ఎందఱికో సేవచేసిన అనుభవశాలి. యుద్ధమున నర్సుగ తీసికొనుడని లండనులో పలువుర నడుగగా ఎవరును తీసికొనరైరి. తన చర్మపు రంగే దీనికి కారణమా యని తన స్వీయచరిత్రమున ఆమె ప్రశ్నించుకొనినది. అయినను స్వంత ఖర్చుతో క్రిమియాకు పోయి, 1855లో బాలక్లావా సమీపమున భోజనశాల పెట్టి, జబ్బుపడినవారికి మందులిచ్చుచు, యుద్ధభూమికి సైతము పోయి క్షతగాత్రులకు కట్లు కట్టినది. గుణములన్నియు నున్నను పుట్టుక చూచి వాకిట నిలువబెట్టిన సంఘము నష్టపడునని ఆమె కథ తెలుపుచున్నది. ఇది మనకు క్రొత్తగాదు.

నైటింగేలు మన దేశమునకు ఎన్నడును రాలేదు. కాని మన దేశమును మఱువలేదు. ఇండియాలోని తెల్లసిపాయీలు శాంతికాలమున సైతము ఏటేట వేయికి 69 మంది చొప్పున చనిపోవుచున్నారని 1863లో రాయలు కమీషను ప్రకటించిన నివేదికకు మూలశ్రమ ఆమెది. సిపాయీల బారకాసులతో మొదలిడిన ఆమె విచారము క్రమముగ గ్రామముల నీటికిని, రైతుల కఱవునకును వ్యాపించినది. మన గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటనుతో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, కాలువల కొఱకు ఆయన చేసిన వాదమును సమర్థించెను. పరిచర్య మంచముకడ మొదలై నీటికాలువవఱకు పోవునని ఆమె నమ్మకము.

మన దేశమున అనురాగమునకు లోటు లేదని మొదట చెప్పితిమి. 1897లో పూనానగరమున ప్లేగు ప్రబలినప్పుడు సావిత్రీబాయి ఫూలే, వైద్యుడైన తన పెంపుడు కుమారునితో కలిసి ఊరివెలుపల చికిత్సాలయము నడపెను. ప్లేగు తగిలిన యొక అస్పృశ్య బాలుని వీపుపై మోసికొనివచ్చి, తానును ఆ వ్యాధి సోకి మార్చి 10వ తేదీన మరణించెను. ఇట్టి త్యాగము గల దేశమున విద్యగా పరిచర్య ఏల వ్యాపింపలేదు? 1871లోనే మదరాసు జనరలు ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ మొదలైనది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా కూగ్లరు 1898లో స్త్రీల కొఱకు, పిల్లల కొఱకు ఆసుపత్రి నెలకొల్పెను. అయినను చిరకాలము ఈ విద్యకు వచ్చినవారిలో క్రైస్తవ బాలికలే హెచ్చు. తక్కిన యిండ్లవారు ముట్టు అంటు లెంచుచు, ఆ బాలికల చేతి మందు త్రాగుచు, వారి చేతి మంచినీరు మాత్రము త్రాగక కాలము గడపిరి. ఫలితమేమి? 1946లో భోరు సంఘము తన నివేదికలో బ్రిటిషు ఇండియాలో 6,300 మందికి ఒక వైద్యుడును, 43,000 మందికి ఒక నర్సును ఉన్నారని లెక్కచెప్పెను. అదే కాలమున ఇంగ్లండులో వేయిమందికి ఒక వైద్యుడు, 300 మందికి ఒక నర్సు. నర్సులు వైద్యులకంటె పలువురు కావలసియుండగా మనకు ఇంచుమించు ఏడవవంతు మాత్రమే యుండిరి. ఈ లోటు సర్కారు సొమ్ము చాలనందున మాత్రమే వచ్చినది కాదు. మన యిండ్లలో మన నాలుకలచేతను వచ్చినది.

1947లో నర్సుల చట్టము వచ్చినది. పిదప కళాశాలలు వచ్చినవి. నేడు అన్ని కులముల బాలికలును, బాలురును ఈ విద్య నేర్చుచున్నారు. తెలుగునాటినుండి విదేశములకు పోయి పేరు తెచ్చుకొనుచున్నారు. 2018లో కేరళమున నిపా వ్యాధి సోకిన రోగులకు సేవచేసి యొక యువతియైన నర్సు ప్రాణము విడిచెను. 2020లో కరోనా వచ్చినప్పుడు కన్నబిడ్డలు దగ్గఱకు రాలేని వేళ ముక్కుముఖము కప్పుకొని చివరి నీటిచుక్క నోట పోసినవారు నర్సులే. మనము పళ్లెములు మ్రోగించితిమి. మఱుసటి మాసముననే కొందఱు ఇంటి యజమానులు తమ యింట అద్దెకున్న నర్సులను ఖాళీచేయుమనిరి. చప్పట్లు గౌరవము కావు. తగిన జీతము, రాత్రివేళ నిర్భయముగ పోయివచ్చు దారి, వైద్యుడు ప్రశ్నించినపుడు సత్యము చెప్పిన శిక్షింపని యధికారి, పెండ్లిమాటలలో తలవంచుకొన నక్కఱలేని స్థానము: ఇవి గౌరవము.

సోదరీమణులారా! పరిచారికకు వలయు గుణములను మనము లెక్కించుట సులభము. జ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము, వీని యన్నిటి క్రిందను సత్యము. వీనిలో ఏదియు ఆడుదగుటచేత పుట్టుకతో రాదు. ఏదియు కష్టపడి అభ్యసించిన రాకపోదు. మనలో ప్రతివారికిని ఎప్పుడో యొకప్పుడు రోగి మంచముకడ కూర్చుండవలసిన దినము వచ్చును. ఆ దినమునకై కిటికీ తెఱచుట, చేతులు కడుగుకొనుట, వేళతో వ్రాసి పెట్టుట, తెలియనిది తెలియదని చెప్పుట ఇప్పుడే నేర్చుకొందము. మఱి ఈ విద్యను జీవనముగ ఎన్నుకొనిన పిల్ల మన గుమ్మమునకు వచ్చినప్పుడు, ఆమె ముట్టినవారి జాబితా తీయక, ఆమె బ్రదికించినవారిని లెక్కింతము.

మా బంధువుల యింటి ఆ చిన్నవానికి ఇంకను పెండ్లి కాలేదు. పొరుగింటి యమ్మాయికి మఱియొక యింటివారు, అత్తగారే స్వయముగ వచ్చి అడిగి, తమ కోడలిని చేసికొనిరి. ఆ యత్తగారు ఒకప్పుడు ఆసుపత్రిలో మూడు వారములు పడియుండినది. అచ్చట తనను చూచుకొనినవారెవరో ఆమె మఱవలేదు.